పిలిచేది ఆపరేటర్ అని, రాసుకునేది కూలీ అని

ఇవాళ పంట ముచ్చట లేదు. పోస్టు పొడుగ్గా ఉంటది. ఇంట్ల టెన్త్, ఇంటర్, ఐటిఐ అయిపోయి ఖాళీగా ఉన్న పిల్లలున్నోళ్లు మాత్రం ఓపిక చేసుకొని చదవండి. "ఉద్యోగాలున్నయి గని పిల్లలకు స్కిల్ లేదండీ" అని టీవీల్లో, మీటింగుల్లో పెద్ద పెద్ద కంపెనీలోళ్లు అనే మాట విని తల ఊపేవాళ్లు ఇంకా తప్పక చదవండి. ఆ మాట తప్పు అని చెప్పడానికే ఇది రాస్తున్న.

పాతబస్తీ మదన్నపేట మండికి నేను టమాట, బీరకాయ తీసుకపోతుంట. తెల్లారగట్ల బండి ఆగంగనే క్రేట్లు దించే పిల్లల్లో ఒకడున్నడు. ఈదీబజార్ పిల్లగాడు. పని చురుకు, లెక్క పక్కా. ఒకరోజు చాయ్ తాగుతుంటే "ఏం చదివినవ్ బేటా" అని అడిగిన. "ఐటిఐ కాకా, రెండేండ్లు. ఏఓసిపి" అన్నడు. నాకు అర్థం కాలేదు. "అటెండెంట్ ఆపరేటర్, కెమికల్ ప్లాంట్" అని విడమరిచి చెప్పిండు. సర్టిఫికెట్ ఫోన్‌ల చూపించిండు. సర్కారు ముద్ర ఉన్నది.

మరి క్రేట్లు ఎందుకు మోస్తున్నవ్ రా అంటే వాడు చెప్పిన కథ ఇది. పేర్లు రాయను, కంపెనీ పేరు కూడా రాయను. ఎందుకంటే ఇది ఒక్క కంపెనీ కథ అయితే నేను ఇంత పొడుగు రాసేది లేకుండె.

ఐటిఐ అయినంక ఆదివారం ఆదివారం వాక్-ఇన్ ఇంటర్వ్యూలకు తిరిగిండు. ప్రకటనల "ప్రొడక్షన్ ఆపరేటర్, ఐటిఐ ఏఓసిపి లేదా డిప్లొమా కెమికల్ లేదా బీఎస్సీ" అని రాసి, పక్కనే "అనుభవం 2 నుంచి 6 ఏండ్లు" అని పెడుతరు. వీనికి అనుభవం సున్నా. నాలుగు చోట్ల అదే మాట. అయిదోసారి ఒక కన్సల్టెన్సీవాడు దొరికిండు. ఎనిమిది వేలు తీసుకొని, పటాన్‌చెరు దిక్కు ఒక ప్లాంట్ గేటు కాడ కాంట్రాక్టర్‌కు అప్పజెప్పిండు. పేరుకు "ఆపరేటర్ హెల్పర్". మొదటి రోజు ఒక వీడియో చూపించిండ్రట. ముప్పావుగంట. తర్వాత రిజిస్టర్‌ల సంతకం. అదే శిక్షణ. ఆ రాత్రే రియాక్టర్ మూత కాడ నిలబెట్టి పౌడర్ సంచులు విప్పి లోపల పొయ్యమన్నరు. పన్నెండు గంటల డ్యూటీ.

అయిదు నెలలు చేసిండు. ఒకరోజు డ్రమ్ము మీద లేబుల్ చినిగిపోయి ఉంటే "ఇందుల ఏమున్నది సార్" అని అడిగిండు. "నీకెందుకురా, పొయ్యి" అన్నడట సూపర్‌వైజర్. అదే మాట మూడోసారి విన్న రోజు బ్యాగు సర్దుకొని వచ్చిండు. "కాకా, నేను రెండేండ్లు చదివిందే డ్రమ్ముల ఏమున్నదో తెలుసుకోని పొయ్యాలని. అడిగితే తప్పయింది" అన్నడు.

అసలు దెబ్బ ఆ తర్వాత పడ్డది. అయిదు నెలల అనుభవం ఉంది కదా అని ఇంకో ఇంటర్వ్యూకు పోతే, కాయిదం అడిగిండ్రు. కాంట్రాక్టర్ దగ్గరికి పోతే వాని రికార్డుల ఈ పిల్లగాడు ఆపరేటరూ కాదు, హెల్పరూ కాదు. "లోడింగ్-అన్‌లోడింగ్ లేబర్". ఈ రెండు ముక్కల దగ్గర ఒక పెద్ద మతలబు ఉంది. దానికి మళ్లీ వస్తా.

ముందు అసలు ప్లాంట్ ఆపరేటర్ అంటే ఏం పనో తెలుసుకుందాం. మనలో చాలామందికి ఫ్యాక్టరీ అంటే బయటి గోడ, పొగగొట్టమే తెలుసు.

మందుల ఫ్యాక్టరీల రియాక్టర్ అంటే పెద్ద గోళెం అనుకోండి. చుట్టూ జాకెట్ ఉంటది, అందులకు ఆవిరి పంపితే వేడెక్కుతది, చల్లటి ఉప్పునీళ్లు పంపితే చల్లబడుతది. లోపల కలియబెట్టే రెక్క తిరుగుతుంటది. ఏ ద్రావకం ముందు, ఏ పొడి వెనక, ఎంత వేగంగ, ఎన్ని డిగ్రీల దగ్గర, ఎంత సేపు, ఇదంతా కాయిదం మీద రాసి ఉంటది. ప్రతి మెట్టు దగ్గర చేసినోడు సంతకం పెట్టాలె, చూసినోడు సంతకం పెట్టాలె. ఆపరేటర్ పని ఇది. బెల్లం వండే కాడ చూసినోళ్లకు వెంటనే అర్థమైతది. పొయ్యిల చెరుకుపిప్పి ఎగదోసేటోడు వేరు, పాకం తీరు చూసి "ఇగ దించుండ్రి" అనేటోడు వేరు. రెండోవాని మాట తప్పితే గాని, ఆలస్యమైతే గాని, ఆ పెనమంత పోతది. బెల్లం కాడ పోయేది బెల్లమే. రియాక్టర్ కాడ మనుషులు పోతరు.

ఎట్లంటరా? మన భాషలనే చెప్తా.

తడి ఆరని గడ్డిని వామి పెడితే ఏమైతది? లోపల ఉడుకుతది. ఆ ఉడుకు బయటికి పోలేక ఇంకింత ఉడుకును పుట్టిస్తది. ఒకనాటికి నడుమల నుంచి పొగ లేస్తది, వామంత బుగ్గయితది. కొన్ని రసాయనాలు సరిగ్గా అట్లనే చేస్తయి. 2020 మే 7 తెల్లారుజామున విశాఖ దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురంల ఎల్జీ పాలిమర్స్ ట్యాంకుల జరిగింది ఇదే. స్టైరీన్ తనంతట తాను వేడెక్కి ఆవిరై ఊరి మీద పడ్డది. 12 మంది చనిపోయిండ్రు. ఆ రోజు హెచ్చరిక సైరన్ మోగలేదని ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీనే చెప్పింది. సైరన్ లేక కాదు, మోగించక.

పాడుబడ్డ బావిల పూడిక తీయడానికి దిగి ఊపిరాడక పోయినోళ్ల గురించి వినని ఊరుందా? పెద్దలు ముందుగాల దీపం దింపి చూసేటోళ్లు. ఫ్యాక్టరీలల్ల నిప్పు అంటకుండా రియాక్టర్ల నైట్రోజన్ నింపుతరు. దానికి రంగు లేదు, వాసన లేదు. ఆక్సిజన్ పరీక్ష చెయ్యకుండా కడగడానికి లోపలికి దిగినోడు కేక కూడా వెయ్యలేడు. ఒకరు పడితే తీయబోయి ఇంకొకరు, బావి కాడ జరిగినట్టే.

ఇగ పొడి. ప్లాస్టిక్ సంచిల నుంచి పొడి గబగబ జారితే చలికాలం దుప్పటి తీసినప్పుడు చిటపటలాడినట్టు స్థిర విద్యుత్ పుడుతది. కింద టోలిన్ లాంటి ద్రావకం ఆవిరి ఉంటే ఆ ఒక్క చిటుకు చాలు. అందుకే రియాక్టర్‌కు, డ్రమ్ముకు ఎర్తింగ్ క్లిప్పు తగిలించకుండా చెయ్యి పెట్టొద్దు అంటరు. మా పిల్లగానికి ఆ సంగతి ఐటిఐల చదివినందుకు తెలుసు. పక్కన సంచులు పోసే బిహార్ పిల్లగానికి తెల్వదు. చెప్పినోడు లేడు. వీడే వచ్చీరాని హిందీ మాటలతోని కాదు, చేతులతోని చూపించిండట, క్లిప్పు ముందు, సంచి తర్వాత అని.

పొడి ఒక్కటే చాలు, ద్రావకం కూడా అక్కర్లేదు. 2025 జూన్ 30 పొద్దున పాశమైలారంల సిగాచి ఫ్యాక్టరీల పేలుడు జరిగింది. అక్కడ తయారయ్యేది మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్. పేరు భయపెట్టినా అది కట్టెగుజ్జు నుంచి తీసే మెత్తటి తెల్ల పొడి, మాత్రల్లో కలిపేది. తింటే ఏం కాదు. కని మెత్తటి పొడి గాలిల మబ్బు లెక్క లేస్తే, నిప్పు అంటితే, బాంబు. డ్రయ్యర్ విభాగంల పేలుడు, మూడంతస్తుల బిల్డింగు కూలింది. 46 మంది చనిపోయినట్టు తేలింది, ఇంకో 8 మంది ఆనవాలు కూడా దొరకలేదు. మొత్తం 54 కుటుంబాలు. ఎక్కువమంది బిహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్, జార్ఖండ్ నుంచి వచ్చినోళ్లు. లోపల ఎవరున్నరో ఎంతమంది ఉన్నరో తేలడానికి రోజులు పట్టింది, అది మనందరం టీవీల చూసిందే.

దానికి ఏడాది ముందు, 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం ఎసెన్షియా ఫ్యాక్టరీల ద్రావకం లీకై, ఆ ఆవిరి అంటుకొని 17 మంది పోయిండ్రు. అందుల చదువుకున్న ఇంజినీర్లు కూడా ఉన్నరు. అంటే కింద ఒక్క చోట తప్పు జరిగితే పైన ఏసీ గదిల ఉన్నోడికి కూడా చావే. శిక్షణ అనేది కూలీ మీద జాలితోని పెట్టే ఖర్చు కాదని ఓనర్లకు ఇంకెట్ల చెప్పాలె?

ఇప్పుడు "స్కిల్ లేదు" అనే మాటకు వద్దాం.

రసాయన ప్లాంట్ ఆపరేటర్‌ను తయారు చెయ్యడానికి ఈ దేశంల దారి లేదా? ఉంది. టెన్త్ సైన్సు, లెక్కలతోని పాసైతే ఐటిఐల ఏఓసిపి ట్రేడు, రెండేండ్లు. తర్వాత అప్రెంటిస్‌గా ఫ్యాక్టరీల ఏడాది. అప్రెంటిస్ చట్టం 1961 నాటిది. 2019ల మార్చిన నిబంధనల ప్రకారం 30 మంది, అంతకంటే ఎక్కువ ఉన్న ప్రతి సంస్థ తన సిబ్బంది లెక్కల రెండున్నర నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను పెట్టుకోవాలె. ఐటిఐ సర్టిఫికెట్ ఉన్నోళ్లకు నెలకు కనీసం 7 వేల స్టైపెండ్ అని అప్పుడే రాసిండ్రు. 2016ల మొదలైన జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకంల ఆ స్టైపెండ్‌లో పావు వంతు, 1,500 రూపాయలకు మించకుండా, కేంద్రమే ఇస్తది. చివరికి పరీక్ష, జాతీయ సర్టిఫికెట్.

అంటే శిక్షణకు సర్కారు ఐటిఐ ఉంది, ఫ్యాక్టరీల నేర్చుకునే ఏడాదికి చట్టం ఉంది, ఖర్చుల ఒక భాగం సర్కారు మోస్తది. ఇంకా స్కిల్ లేదు అంటే ఎవని తప్పు? ఆ ఏడాది అనుభవం ఇయ్యాల్సింది ఫ్యాక్టరీ. అది ఇయ్యకుండా, "నీ దగ్గర అనుభవం లేదు" అని అనడం ఎట్లున్నదంటే, బావి కాడ మోటరు బంద్ పెట్టి, కాలువ చివరి రైతును పొలం ఎందుకు ఎండిందని అడిగినట్టు.

మల్లేపల్లి ఐటిఐ కాడ 2024 జూన్‌ల ముఖ్యమంత్రి శంకుస్థాపన చేసిండు. రాష్ట్రంల 65 ఐటిఐలను టాటా టెక్నాలజీస్‌తోని కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మారుస్తమన్నరు. రోబోలు, సీఎన్‌సీ మిషన్లు, ఎలక్ట్రిక్ బండ్లు, ప్రాసెస్ కంట్రోల్ ఆటోమేషన్ కూడా ఉంది. మంచిదే, నేను కాదనను. పాతబస్తీ పిల్లలు మల్లేపల్లికి నడిచిపోయినా పోతరు. కని లోపల ఎంత మంచి మిషన్ పెట్టినా, అక్కడి నుంచి బయటపడ్డ పిల్లగాడు ఫ్యాక్టరీల అడుగు పెట్టేది కాంట్రాక్టర్ గేటు నుంచే అయితే ఆ మిషన్ల మీద నేర్చుకున్నది సంచి విప్పడానికి ఎందుకు పనికొస్తది?

ఇగ మా పిల్లగాని దోస్తు సంగతి చెప్తా. ఉప్పుగూడ పిల్లగాడు, అదే ఐటిఐ బ్యాచ్. వాని మేనమామ ఒక ప్లాంట్ల మెయింటెనెన్స్‌ల ఉన్నడు. ఆయన మాట సాయంతోని అప్రెంటిస్‌గా కంపెనీ గేటు నుంచే లోపలికి పోయిండు. మొదటి నెల ఒక్క వాల్వు కూడా ముట్టనియ్యలేదట. లైన్లు గీసుకొని రా అన్నరు. ఏ పైపు ఎక్కడ మొదలై ఎక్కడ పోతదో చేత్తోని బొమ్మ గీసి సీనియర్ ఆపరేటర్‌కు చూపించాలె, తప్పు గీస్తే మళ్లీ. ఆ తర్వాత సీనియర్ పక్కన నిలబడి చూసుడు. ఆ తర్వాత వీడు చేస్తుంటే సీనియర్ చూసుడు. ఏడాదికి బ్యాచ్ రికార్డుల సంతకం. ఇప్పుడు వాడు కంట్రోల్ రూంల కూసుంటడు. ఇద్దరూ ఒకే క్లాసు, ఒకే సర్టిఫికెట్. మేనమామ ఉన్నోడు ఆపరేటర్ అయిండు, లేనోడు నా టమాట క్రేట్లు దించుతుండు.

ఆ నేర్పే తీరు పాతబస్తీకి కొత్తనా? లాడ్‌బజార్‌ల లక్క గాజులు చేసే కాడికి పోయి చూడండి. ఉస్తాద్ పక్కన షాగిర్ద్ నెలల తరబడి కూసోని చూస్తడు. మొదటి రోజే వేడి లక్క చేతుల పెట్టరు. గాజుకు ఉన్నపాటి పద్ధతి రియాక్టర్‌కు లేదంటే సిగ్గుపడాల్సింది ఎవరు?

ఇప్పుడు "లోడింగ్-అన్‌లోడింగ్" మతలబు.

1984 డిసెంబర్ భోపాల్ మీకు గుర్తుండే ఉంటది. ఆ ప్రమాదానికి ముందు ఆ ప్లాంట్ల ఖర్చు తగ్గించడానికి ఆపరేటర్ల సంఖ్య కోసిండ్రు, శిక్షణ కాలం కుదించిండ్రు. వేల మంది చచ్చినంక 1987ల ఫ్యాక్టరీల చట్టానికి సవరణలు తెచ్చిండ్రు. ప్రమాదకరమైన పనుల కోసం వేరే అధ్యాయమే చేర్చిండ్రు. 111-ఏ అని ఒక సెక్షన్ పెట్టిండ్రు. ఫ్యాక్టరీల ఆరోగ్యానికి, భద్రతకు సంబంధించిన సమాచారం యజమానిని అడిగి తీసుకునుడు, ఆ విషయంల శిక్షణ పొందుడు కార్మికుని హక్కు అని. "డ్రమ్ముల ఏమున్నది" అని మా పిల్లగాడు అడిగింది పెత్తనం కాదు మిత్రులారా, భోపాల్ శవాల మీద నుంచి వచ్చిన హక్కు అది.

తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ల 2003ల కాంట్రాక్ట్ లేబర్ చట్టానికి సవరణ తెచ్చిండ్రు. సంస్థ అసలు పని ఏదో, ఆ పనిల కాంట్రాక్ట్ కూలీలను పెట్టరాదు అని. మినహాయింపులు కూడా రాసిండ్రు. అసలు పని కిందికి రానివాటి జాబితా ఇచ్చిండ్రు. ఊడ్చుడు, కావలి, క్యాంటీన్, ఇంకా... లోపల జరిగే లోడింగ్-అన్‌లోడింగ్. ఇప్పుడు అర్థమైందా? మందు తయారు చేసే ఫ్యాక్టరీల రియాక్టర్‌ల ముడిసరుకు పోసుడు అసలు పని కాకపోతే ఇంకేది అసలు పని? కని కాయిదం మీద దాన్ని "లోడింగ్" అని రాస్తే కాంట్రాక్టర్ ద్వారా చేయించుకోవచ్చు. ఒక్క మాట మారిస్తే చట్టం పక్కకు తప్పుకుంటది, జీతం తగ్గుతది, శిక్షణ ఎగిరిపోతది, పిల్లగాని అయిదు నెలల అనుభవం గాలిల కలుస్తది. 2025 నవంబర్ 21 నుంచి అమల్లకు వచ్చినయన్న కొత్త లేబర్ కోడ్‌లల్ల కూడా ఆ జాబితా అట్లనే ఉన్నది. అందుల ఒక మంచి ముక్క ఉంది, ప్రతి ఉద్యోగికి నియామక పత్రం ఇయ్యాలె అని. దాన్ని పట్టుకోవాలె మనం.

ఇంకొక సంగతి నాకు నిద్ర పట్టనియ్యలేదు. మన దగ్గర తయారయ్యే మందులు అమెరికాకు పోతయి. అక్కడి ఎఫ్‌డీఏ ఇన్‌స్పెక్టర్లు వచ్చి, మందు తయారీల చెయ్యి పెట్టే ప్రతి మనిషికి ఆ పనికి తగ్గ శిక్షణ ఉన్నదా, రికార్డు చూపించు అంటరు. చూపిస్తరు. ఫైళ్లు ఫైళ్లు ఉంటయి. అంటే శిక్షణ ఇయ్యడం వీళ్లకు చాతకాక కాదు. అమెరికాల మాత్ర మింగేటోని కోసం చాతనైతది. ఇక్కడ సంచి పోసేటోని కోసం చాతకాదు.

ఓనర్ల మాట కూడా విందాం, లేకపోతే ఏకపక్షం అంటరు. నాకు తెలిసిన ఒకాయన చిన్న యూనిట్ నడుపుతడు. "ఆరు నెలలు నేర్పిస్త, రెండు వేలు ఎక్కువిస్తే పక్క కంపెనీకి పోతడు. నా ఖర్చు ఎవడిస్తడు?" అన్నడు. నిజమే, అబద్ధం చెప్పలేదు. కని ఆ పక్క కంపెనీ కూడా ఇదే మాట అంటుంది. అందరూ పక్కోడు నేర్పితే తీసుకుందామని కూసుంటే నేర్పేదెవరు? పైగా ఆ రెండు వేలు నువ్వే ఇస్తే వాడు ఎందుకు పోతడు అని అడిగిన. నవ్విండు. జవాబు చెప్పలేదు.

హైదరాబాద్ చరిత్ర ఒక్కసారి తిరగేస్తే ఆయనకు జవాబు దొరుకుతది. 1961ల ఐడీపీఎల్ అనే ప్రభుత్వ సంస్థ పుట్టింది. సోవియట్ సాయంతోని బాలానగర్‌ల మందుల ప్లాంట్ కట్టిండ్రు. వేల మందిని పెట్టుకొని పని నేర్పింది. వాళ్లు అక్కడే ఉండిపోయిండ్రా? లేదు. చాలామంది బయటికి వచ్చిండ్రు, కంపెనీలు పెట్టిండ్రు, కంపెనీల చేరిండ్రు. డాక్టర్ రెడ్డీస్ పెట్టిన అంజిరెడ్డి కూడా మొదట ఐడీపీఎల్‌ల పని చేసిన మనిషే. జీడిమెట్ల, బొల్లారం, పటాన్‌చెరు నిండ లేచిన ప్లాంట్లకు పని తెలిసిన చేతులు ఎక్కడి నుంచి వచ్చినయి? నేర్పినోడు నష్టపోయిండు అని ఐడీపీఎల్ అనుకొని ఉంటే ఈ రోజు హైదరాబాద్‌ను ఫార్మా రాజధాని అని ఎవడూ పిలిచేటోడు కాదు. సర్కారు సొమ్ముతోని నేర్చుకున్న చేతులతోని ఎదిగిన పరిశ్రమ, ఇప్పుడు ఒక పిల్లగానికి నేర్పాలంటే ఖర్చు లెక్క చెప్తుంది.

"రైతువి, నీకెందుకు ఈ ఫ్యాక్టరీల గోల, వాటి కాలుష్యంతోని చచ్చింది మీరే కదా" అని కొందరు అంటరు. నక్కవాగు పక్క రైతుల గోస నాకు తెలుసు. అందుకే చెప్తున్న. రాత్రి రెండు గంటలకు ఏ వాల్వు తిప్పితే ఏ నీళ్లు ఏ వాగుల పోతయో తెలిసిన మనిషి, "ఇది తప్పు, నేను తిప్పను" అనే ధైర్యం ఉన్న మనిషి లోపల ఉంటే బయట ఊరు కూడా బతుకుతది. రేపో మాపో తీసేస్తరనే భయంతోని ఉన్న కాంట్రాక్ట్ కూలీ ఆ మాట అనగలడా? పైగా శ్రీశైలం రోడ్డు పొంట యాచారం, కందుకూరు దిక్కు భూములు ఫార్మా సిటీకి అని తీసుకున్నప్పుడు మన పిల్లలకు ఉద్యోగాలొస్తయి అన్న మాట విన్న ఊళ్లు మావి. ఆ ఉద్యోగం ఏ గేటు నుంచి అని అప్పుడు ఎవరం అడగలేదు.

పాతబస్తీ పిల్లలకు అదనపు కష్టాలు ఉన్నయి. ఫలక్‌నుమాల ఎంఎంటిఎస్ ఎక్కి లింగంపల్లి, అక్కడి నుంచి బస్సుల పటాన్‌చెరు, మళ్లీ లోపలికి ఆటో. మెట్రో 2020ల ఎంజీబీఎస్ దాకా వచ్చి ఆగింది. అసలు ప్లాన్‌ల ఉన్న ఫలక్‌నుమా ముక్కకు 2024 మార్చిల మళ్లీ శంకుస్థాపన జరిగింది. పొద్దున ఆరింటి షిఫ్టుకు ఎట్ల పోవాలె? కంపెనీ బస్సు అటు రాదంటే ఫ్యాక్టరీ పక్కన రేకుల గదుల పదిమందితోని ఉండాలె, జీతంల మూడోవంతు అక్కడే పోతది. ఉర్దూ మీడియంల చదివినోడికి సేఫ్టీ వీడియో ఇంగ్లిష్‌ల. ఇంటర్వ్యూల అడ్రస్ చూసి మొహం మారిందని ఈదీబజార్ పిల్లగాడు అన్నడు. ఉప్పుగూడవాడు కూడా అదే మాటన్నడు. పేర్లు వేరు, పిన్‌కోడ్ ఒక్క తీరే.

సరే, పిల్లలున్నోళ్లు ఇది రాసి పెట్టుకోండి. ఏఓసిపి ట్రేడు ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ లెక్క ప్రతి ఐటిఐల ఉండదు. దరఖాస్తు పెట్టే ముందు ఏ ఐటిఐల ఉందో కనుక్కోండి. మీ దగ్గరల లేకపోతే ఎందుకు లేదని ఎమ్మెల్యేను అడగండి, ఫ్లెక్సీల మీద ఫోటోలు పెట్టుకునే తీరిక ఉన్నప్పుడు ఇది కూడా చూడమనండి. ఐటిఐ అయినంక నేరుగా జీతం ఉద్యోగం కోసం తిరగకుండా అప్రెంటిస్ పోర్టల్‌ల పేరు నమోదు చేసుకొని కంపెనీ పేరు మీదనే ఒప్పందం కాయిదం తీసుకోవాలె. స్టైపెండ్ తక్కువే, తెలుసు. అప్రెంటిస్ పేరుతోని చవకగ పని చేయించుకునేటోళ్లు కూడా ఉన్నరు. అయినా ఆ సర్టిఫికెట్ అనుభవం కింద లెక్కకొస్తది, కాంట్రాక్టర్ చిట్టీ రాదు. అప్రెంటిస్‌కు దెబ్బ తగిలితే పరిహారం ఇయ్యాల్సింది యజమానే అని ఆ చట్టంలనే ఉంది.

కాంట్రాక్టర్ దగ్గరనే చేరక తప్పని పరిస్థితి ఉంటే, చేరిన నెలలనే పీఎఫ్ నంబర్ తీసుకోండి, కాయిదం మీద మీ పని పేరు ఏమని రాసిండ్రో ఫోటో తీసి పెట్టుకోండి. ఉద్యోగం ఇప్పిస్త అని ముందే డబ్బులు అడిగినోడి దగ్గర కూసోకండి, లేచి రండి. మొదటి రోజు మూడే ప్రశ్నలు అడగమని పిల్లలకు చెప్పండి. నేను ముట్టే వస్తువు పేరేంది? అది మీద పడితే, పీలిస్తే ఏం చెయ్యాలె? సైరన్ మోగితే ఏ తొవ్వల ఉరకాలె? ఈ మూడింటికి జవాబు లేని చోట రెండో రోజు పోవద్దు. రెండో రోజు పోకపోతే ఇంట్ల పొయ్యి ఎట్ల వెలుగుతది అని అడుగుతరు, నాకు తెలుసు. ఈదీబజార్ పిల్లగాడు కూడా అయిదు నెలలు ఆగింది అందుకే.

మొన్న మండిల వాన్ని మళ్లీ కలిసిన. అప్రెంటిస్ కోసం రెండు కంపెనీలకు పెట్టిండట, ఒకటి నుంచి ఫోన్ వచ్చింది. వయసు, మార్కులు, సర్టిఫికెట్ అన్నీ అడిగి, చివరికి "ఇదివరకు ఎక్కడైనా చేసినవా" అన్నరట. ఏం చెప్పాలె కాకా అని నన్ను అడిగిండు. చేసిన అంటే కాయిదం ఏది అంటరు, చెయ్యలే అంటే ఆ అయిదు నెలలు అబద్ధమైతయి. ఉన్నది ఉన్నట్టు చెప్పు, డ్రమ్ముల ఏమున్నదో అడిగి బయటికొచ్చిన అని చెప్పు అన్న. వాడు నా మొహం దిక్కు చూసి, క్రేటు భుజాన పెట్టుకొని లోపలికి పోయిండు. సోమవారం ఇంటర్వ్యూ ఉంది.